మామా వెతికిన పేరు

మామా పోయిందని నాకు మొదట చెప్పింది కువైట్‌లో మా ఎదురింట్లో పనిచేసే కెన్యా అమ్మాయి. నేను సెలవు మీద మా ఊళ్లో ఉన్నాను. పొద్దున్నే పులుసులోకి చింతపండు పిసుకుతుంటే ఫోను మోగింది. ఆ అమ్మాయికీ నాకూ మధ్య ఉన్న భాష సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. ఆ రెంట్లోనూ ఈ మాట చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు కాబోలు, ముందు మా అమ్మకు ఎలా ఉందని అడిగింది. తర్వాత ఊళ్లో వానలు పడ్డాయా అని అడిగింది.

"మామా?" అన్నాను.

"ఖలాస్," అంది.

కువైట్‌లో బియ్యం అయిపోయినా, పని అయిపోయినా, మనిషి అయిపోయినా అదే మాట.

చింతపండు చేత్తోనే ఏడుస్తూ కూర్చుండిపోయాను. మా నాన్న మా పేటలో ప్రార్థనలు నడిపేవాడు. నన్ను బడికి పంపలేక ఇంట్లోనే పాటల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. మంచి జరిగినా చెడు జరిగినా ముందు స్తోత్రం, ఆ తర్వాతే నవ్వయినా ఏడుపయినా అనేవాడు. ఆ రోజు నాకు వరస తప్పింది.

గల్ఫ్‌లో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లం ఇంటావిడను మామా అంటాం. కాబట్టి ఎంతోమందికి ఎంతోమంది మామాలు. నా మామా చరిత్ర పంతులమ్మ. ఆడపిల్లల బడిలో చెప్పి, ఇరాక్‌తో యుద్ధం తర్వాత పని మానేసి, మిగతా జీవితమంతా ఒకే విషయం మీద గడిపింది. కువైట్‌లో అరబ్బులు, పర్షియా వాళ్లు, బలూచీలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, మన దేశం నుంచి వెళ్లినవాళ్లు ఒకరితో ఒకరు ఎలా బతికారన్నదే ఆ విషయం. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తిన్నారు, ఎవరి పిల్లను ఎవరు చేసుకున్నారు, ఎవరు చేసుకోలేదు.

నేను ఆమె ఇంటికి చేరింది రెండో పనిలో. మొదటి ఇంట్లో వాళ్లకు నా పేరు నోరు తిరగలేదు. ఇంకో పేరు పెట్టారు. ఆ పేరుకే పలకడం అలవాటైపోయింది. అక్కడ గడువు తీరాక, సాల్మియాలో ఒక పెద్దావిడకు మనిషి కావాలంటే వెళ్లి తలుపు కొట్టాను. తీసినావిడ నల్లటి మనిషి, నాకంటే నలుపు. పొడుగ్గా ఉంది, చేతికి పిండి అంటుకుని ఉంది. కువైటీలంటే తెల్లగా ఉంటారని నా లెక్క. ఈమె కూడా పనిమనిషే అనుకుని, "మామా ఉందా?" అన్నాను.

"ఉంది. కాళ్లు తుడుచుకుని లోపలికి రా," అంది.

నన్ను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, తానూ ఎదురుగా కూర్చుంది. నేను లోపలి గది వైపు చూస్తూనే ఉన్నాను.

"ఇంకెవరి కోసం చూస్తున్నావు? నేనే మామాని."

గబుక్కున లేచి నిలబడ్డాను. కూర్చోమని చేత్తో సైగ చేసింది. "ఈ ఊరివాళ్లు అలా అడిగితే నాకు కోపం వస్తుంది. నువ్వు సముద్రం అవతల నుంచి వచ్చి కూడా అదే అడిగావు. నీకు ఎవరు నేర్పారా అని ఆలోచిస్తున్నాను," అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. తర్వాత నా పేరు అడిగింది. మొదటి ఇంటివాళ్లు పెట్టింది చెప్పాను.

"అది వాళ్లు పెట్టింది. మీ అమ్మ ఏమని పిలిచేది?"

చెప్పాను. నాలుగైదుసార్లు పలికించుకుని, సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మా అమ్మ పెట్టిన పేరుతోనే పిలిచింది. అక్కడ సెలవు రోజైన శుక్రవారం పూట అబ్బాసియాలో మా ప్రార్థన కూడికకు పంపేది. ఇంత చేసినందుకు ఆమెకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆమె పని చేసే తీరు నాకు మొదట వింతగా ఉండేది. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లేది. మీ అమ్మ బానిసగా ఉండేదా అని ఎవరినీ అడిగేది కాదు. వాళ్లతో కలిసి తిని, టీ తాగి, "మీ ఇంట్లో నీళ్లు ఎవరు మోసేవాళ్లు?" అని అడిగేది. అంతే. వాళ్లు కాసేపు ఆలోచించి, నీళ్లు మోసినవాళ్ల గురించి మొదలుపెట్టి, సాయంత్రానికి అన్నీ చెప్పేసేవాళ్లు. నన్నూ ఒకసారి అలాగే అడిగింది. మా ఊరి నీళ్ల గురించి, మా పేట బావి గురించి చెప్పాను. చెప్పాక, "మా ఊరి పేరు రాయకండి మామా," అన్నాను. నవ్వింది. "అందరూ చివర్లో ఇదే అంటారు," అంది.

ఆమెకు తెలియని మనిషి ఒక్కరే. ఆమె నాయనమ్మ. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి, పడవ ఎక్కించి, ముత్యాల వ్యాపారం చేసే ఒక ఇంటికి అమ్మారట. కొన్నవాళ్లు ఆమెకు ఒక అత్తరు పేరు పెట్టారు. వాళ్ల పిల్లలకు పాలిచ్చి పెంచింది కాబట్టి వీధంతా దాదా అని పిలిచేది. మా భాషలోనూ పెంచే మనిషిని దాది అంటాం అని నేను చెబితే మామా ఎంత సంతోషించిందో. విడుదల చేశాక ఆమె పెళ్లి చేసుకుంది, పిల్లలు పుట్టారు. కాని కన్నతల్లి పెట్టిన పేరు ఏమిటో ఎవరికీ చెప్పలేదు. లేకపోతే ఎవరూ అడగలేదు. మామాకు కావలసింది ఆ పేరే. మిగతా పనంతా ఆ పేరు చుట్టూ తిరిగేది.

వాళ్లింట్లో దాదాది హబష్ దేశమని, అంటే ఇప్పటి ఇథియోపియా అని చెప్పుకునేవారు. బానిసలుగా వచ్చినవాళ్లలో కూడా హబష్ వాళ్లంటే కొంచెం మర్యాద, ఇంకా దక్షిణాన ఆఫ్రికా తీరం వాళ్లంటే చులకన. "కింద పడ్డవాడికి కూడా తనకంటే కింద ఒకడు కావాలి," అనేది మామా. మా పేటకూ పక్క పేటకూ మధ్య ఉన్నది నాకు గుర్తొచ్చేది.

ఒక చలికాలం కబ్ద్ వెళ్లాం. అక్కడ మామా తమ్ముడికి తోట ఉంది. తోట అంటే మన తోటలు అనుకోవద్దు. ఇసకలో కొన్ని ఖర్జూరపు చెట్లు, మేకలు, రేకుల షెడ్డు, ఒక గుడారం. మామా మేనత్త చలికాలం అక్కడే ఉండేది. దాదా కడుపున పుట్టినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. అప్పటికే మతిమరుపు. మామా ఆమె పక్కన చాపమీద కూర్చుంది. నేను టేప్‌రికార్డర్ పట్టుకుని నిలబడ్డాను. షెడ్డు దగ్గర తమ్ముడింట్లో పనిచేసే కడప అక్క మాంసం కడుగుతోంది.

"ఏం మే, మీ మామాకు వేరే పనేం ల్యాదా? సచ్చిపోయినోళ్ల మాటలు ఇంటాంటే కడుపు నిండుతాదా?" అంది నాకు మాత్రమే వినపడేలా.

"ఊరుకో అక్కా, టేపులో పడతాది."

"పడనీలే. రేపు నేను సచ్చినంక నా గొంతయినా ఇంటారు."

మామా మేనత్త చెయ్యి పట్టుకుని, "అత్తా, చిన్నప్పుడు నిన్ను ఎవరు నిద్రపుచ్చేవాళ్లు?" అని అడిగింది. ముసలామె ఒళ్లో ఏదో ఉన్నట్టు చేతులు ఊపడం మొదలుపెట్టింది. తర్వాత సన్నగా పాడింది. ఒకే వరస, మళ్లీ మళ్లీ. జీనా లాకో నానీ, జీనా లాకో నానీ. కడప అక్క కూడా చెయ్యి ఆపి విన్నది.

తిరుగు ప్రయాణంలో తమ్ముడు కారు నడుపుతున్నాడు. మామా టేపు వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వింటోంది. "జీనా లక్ అంటే నీ కోసం వచ్చాం. అంతవరకూ అరబ్బీయే. మన ఊళ్లో యీనా అంటారు, జీనా అనరు. పోనీ, పాట కదా. ఈ నానీ ఏమిటి?" అంది తనలో తాను.

"మా వైపు పసిపిల్లల్ని నానీ అని పిలుస్తాం మామా. మా తమ్ముడికి మీసాలొచ్చినా మా అమ్మ నానీ అనే అనేది," అన్నాను వెనక సీట్లోంచి.

"కారు ఆపు," అంది మామా.

తమ్ముడు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. రెండు వైపులా ఇసకే. ఆమె నన్ను ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. పసిపిల్లల మాటలు పడవలెక్కి అన్ని తీరాలూ తిరుగుతాయని, మామా, బాబా, దాదా అన్నిచోట్లా ఉన్నాయని, నానీ కూడా అలాంటిదే అయ్యుంటుందని అంది. తర్వాత టేపు ఆపేసింది. "ఎవరో దాదా కోసం వచ్చారు. నీ కోసం వచ్చాం, నానీ అని పిలుస్తున్నారు. ఆమె అది కలగన్నది. ఆ కలనే తన పిల్లలకు పాడింది."

అంతవరకూ అక్క చేసే పని తమ్ముడికి ఇష్టం ఉండేది కాదు. మన పిల్లలకు పెళ్లిళ్లు కావాలి, పాతవి తవ్వడమెందుకు అనేవాడు. ఆ రోజు తలగుడ్డ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. నేను వెనక సీట్లో దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. బడి మొహం చూడని నా నోటి నుంచి ఆ ముసలితల్లి పేరు వచ్చిందని.

తర్వాత మామా హబష్ నుంచి వచ్చిన ఆడవాళ్లను చాలామందిని అడిగింది. ఆ మాట వాళ్ల భాషలో లేదన్నారు. భాషలో లేదంటే అది పేరేనని ఆమె తీర్మానించుకుంది. తను రాస్తున్న పుస్తకంలో నాయనమ్మ అధ్యాయానికి "నీ కోసం వచ్చాం, నానీ" అని పేరు పెట్టింది. పుస్తకానికీ అదే పేరు. నాకు అరబ్బీ అక్షరాలు నేర్పింది కూడా ఆ రోజుల్లోనే. నేను మొదట కూడబలుక్కుని చదివిన మాట అదే.

పుస్తకం రాయడానికి ఏళ్లు పట్టింది. రాసింది కొట్టేసేది, మళ్లీ ఇంకో ముసలివాళ్ల ఇంటికి పరుగెత్తేది. పుస్తకం పూర్తయ్యేసరికి ఆమె చూపు పోయింది. అచ్చాఫీసు నుంచి కాగితాలు వస్తే తమ్ముడే పక్కన కూర్చుని చదివి వినిపించేవాడు. ఆమెకు లేచి నడవడం కష్టమైంది. స్నానానికి లేవదీయడానికి ఎదురింటి కెన్యా అమ్మాయి నాకు సాయం వచ్చేది. మంచి పిల్ల. సముద్రపు ఒడ్డు ఊరట వాళ్లది.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వంటింట్లో నా దగ్గర కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. మామా పక్క గదిలో నమాజు చేసుకుంటోంది. ఆమె నమాజు తర్వాత వింటుందని నేను టేపు పెట్టి సరిచూస్తున్నాను. మేనత్త గొంతు వచ్చింది. ఆ పిల్ల నవ్వుతూ తన పేరు చెప్పింది.

"నీ పేరు నాకు తెలుసు కదా. ఇప్పుడెవరు అడిగారు?" అన్నాను.

"ఆ అవ్వ అడుగుతోందిగా. అన్నిసార్లు అడిగినా చెప్పకపోతే ఏం మర్యాద?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ వినిపించాను. ఆ పిల్ల తనూ కలిసి పాడింది, మాటలు విడదీసి. "జినా లాకో నానీ. నీ పేరేంటి, అని. మా తీరంలో మాటలొచ్చిన పిల్లల్ని ముందు అదే అడుగుతాం."

"నానీ అంటే?"

"ఎవరు అని. పేరు అడిగేటప్పుడు అలాగే అంటాం."

నేను టేపు ఆపేశాను. "మామాకు చెప్పకు," అన్నాను.

"ఎందుకు? పాటే కదా."

విషయం చెప్పాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది. "అయితే నేనేమీ వినలేదు. నువ్వేమీ అడగలేదు," అని ఉల్లిపాయలన్నీ ఒలిచి పెట్టి వెళ్లింది.

పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది. ఆమెకు చూపు లేదు. చెప్పకపోతే ఆ పేరు గుండెల్లో పెట్టుకుని హాయిగా వెళ్లిపోతుంది. మోకాళ్ల మీద ఉండి దేవుణ్ని అడిగాను. ఒక్కటే గుర్తొచ్చింది. మొదటి రోజు నాకు ఎవరో పెట్టిన పేరును పక్కన పెట్టి మా అమ్మ పెట్టింది అడిగిన మనిషి ఈమె. ఈమెకు తప్పుడు పేరు ఇచ్చి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మర్నాడు టీలో రొట్టె ముంచి తింటున్నప్పుడు చెప్పాను. ఆమె రొట్టె పళ్లెంలో పెట్టేసింది. "ఆ అమ్మాయిని పిలువు," అంది. ఆ పిల్ల వచ్చి ఏడుస్తూ చెప్పింది. మామా ఏడవొద్దంది. మళ్లీ చెప్పమంది. మీ తీరంలో ఏ ఊరు, మీ అవ్వలు పిల్లల్ని ఎలా నిద్రపుచ్చేవాళ్లు, అన్నీ తన పద్ధతిలోనే అడిగింది. ఆ పిల్ల వెళ్లాక, "మనవాళ్లు యీనా అంటారు. ఆమె జీనా అంది. ఆ రోజే ఆగాల్సింది. నాకు ఆగాలనిపించలేదు," అంది.

ఆమె ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూపులేని ఆ కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరచిపోయింది.

"అంటే ఎవరూ రాలేదన్నమాట," అంది.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. నేను టీ తీసుకెళ్లేసరికి మాటలు గట్టిగా వినపడుతున్నాయి.

"వదిలెయ్యి అక్కా. ఎవరికి తెలుస్తుంది? ఇద్దరు పనివాళ్లకు తెలుసు, అంతేగా."

"నాకు తెలుసు."

"పేరు లేకుండా ఎలా వేస్తాం?"

"తెలియదు అని వెయ్యి. కొన్నవాళ్లు ఆమెకు అత్తరు పేరు పెట్టారు. నేను నాకు నచ్చిన పేరు పెడితే వాళ్లకూ నాకూ తేడా ఏముంది?"

"హబష్ కాదు, తీరం మనిషి అని కూడా రాస్తావా?"

"అదొక్కటే కదా ఇప్పుడు మనకు తెలిసింది. రాస్తాను."

అతను టీ తాగకుండానే వెళ్లిపోయాడు. మామా ఆ అధ్యాయం మళ్లీ మొదలుపెట్టింది. కళ్లు కనపడవు కాబట్టి మాటలు టేపులోకి చెప్పేది. మీట నొక్కడం నా పని. రోజుకు కొంచెమే. మధ్యలో ఊపిరి అందేది కాదు. ఆ ప్రశ్న దాదాను ఎవరు అడిగి ఉంటారో అని ఆలోచించేది. పడవలో పక్కన కూర్చున్న ఇంకో పిల్ల అడిగిందేమో, ఆమె భాషలో ఆమెను పలకరించిన ఆఖరి మాట అదేనేమో అని ఒకసారి టేపులో చెప్పి, వెంటనే, "ఇది నాకు తెలియదు, ఊహ," అని కూడా చెప్పింది.

మా అమ్మకు బాగోలేదని కబురొస్తే నేను సెలవు అడిగాను. "వెళ్లు. నువ్వు వచ్చేసరికి ఇది అయిపోతుంది," అంది. మా అమ్మ కోలుకుంది, దేవునికి స్తోత్రం. మామా అధ్యాయం పూర్తి కాలేదు.

నేను తిరిగి వెళ్లేసరికి పరామర్శలు కూడా అయిపోయాయి. అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, ఇఖామా, ఇంకా మిగిలి ఉందని తమ్ముడు తన ఇంట్లోనే పని ఇచ్చాడు. వంటింట్లో అడుగుపెట్టగానే కడప అక్క నన్ను కావలించుకుంది.

"వొచ్చినావా మే. శానా మంచి తల్లి మే మీ మామా. నేను ఊరికే ఎగతాళి చేస్తాంటినా, ఏమీ అనుకోకుండెడిది," అని కళ్లొత్తుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయమ్మ తమ్ముడు, ఆయప్ప, పుస్తకం అచ్చేపిచ్చినాడు. పలకరించను వొచ్చినోళ్లకంతా చేతిలో పెట్టినాడు," అంది.

మగవాళ్లు కూర్చునే గదిలో గోడవారగా పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ఒకటి తీశాను. అట్ట మీద ఆమె నేర్పిన అక్షరాలే. నీ కోసం వచ్చాం, నానీ.

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి నన్ను చూశాడు. "నువ్వు ఏమంటావో తెలుసు. అక్క సంతోషంగా ఉన్నప్పుడు రాసింది ఇదే. ఆఖర్న చెప్పిన టేపులు దాచాను. ఆ గొంతు ఇప్పుడు నేను వినలేను," అన్నాడు. మళ్లీ తనే, "మా పిల్లలకు ఒక పేరు కావాలి. తెలియదు అన్న మాటను పిల్లలు ఎలా ముద్దు చేస్తారు?" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాడు. అక్క మీద ప్రేమతోనే చేశాడు. ఆ ఏడాది పుట్టిన మనవరాలికి ఇంట్లో నానీ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ బిడ్డను నేనే ఎత్తుకు తిప్పాను. పిలిస్తే నవ్వేది. నేనూ ఆ పేరుతోనే పిలిచాను, ఏం చెయ్యను.

నేను ఊరు వచ్చేసి కొంతకాలమైంది. ఆ టేపులు ఆయన ఎప్పటికైనా వింటాడని ఆశ ఉంది. వినేదాకా, ఆ పుస్తకం చదివిన ప్రతివాళ్లూ ఆ ముసలితల్లిని మా గోదావరి వైపు ముద్దుపేరుతో పిలుస్తూనే ఉంటారు. అరబ్బీలో సరిదిద్దేంత చదువు నాకు లేదు. మా నాన్న ఇంట్లో నేర్పిన తెలుగు ఉంది, అందులో రాశాను.

చదివిన మీరు మీ వాళ్ల కోసం ప్రార్థన చేసుకునేటప్పుడు మా మామా నాయనమ్మను కూడా ఒకసారి తలచుకోండి. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి చిన్నపిల్లగా పడవలో తెచ్చారు, పరాయి పిల్లలకు పాలిచ్చి పెంచింది. నానీ అనొద్దు. అత్తరు పేరూ వద్దు. పేరు మాకు తెలియదమ్మా అని చెప్పి తలచుకోండి.